డుడుమ జలపాతం: చేప కథలు, సీతమ్మ శాపం, డ్యామ్ గేట్లు

వైజాగ్‌లో ఎవర్నైనా ఏజెన్సీలో జలపాతాలు ఏమున్నాయని అడిగితే కటికి, చాపరాయి, కొత్తపల్లి, తాటిగూడ అని టకటకా చెప్పేస్తారు, ఎందుకంటే అవన్నీ అరకు, లంబసింగి ట్రిప్పుల్లో కలిసొచ్చేస్తాయి, పొద్దున్న వెళ్తే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. కానీ ఈ కొండలన్నిట్లోకీ పెద్ద జలపాతం అరకు దాటి ఇంకా చాలా లోపలికి, ముంచంగిపుట్టు అవతల ఒడిశా బోర్డర్ మీద ఉంది. మాచ్‌ఖండ్ నది పీఠభూమి మీంచి లోయలోకి దూకే చోటు, డుడుమ. మత్స్యతీర్థం అని ఇంకో పేరు కూడా ఉంది. ఎత్తు సుమారు 175 మీటర్లు. ఊరికే నంబర్ చెప్తే ఏమీ అర్థం కాదు గానీ బీచ్ రోడ్డులో నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండని చూడండి, సముద్రమట్టం నుంచి దాని ఎత్తు కూడా దాదాపు అంతే, ఆ కొండ నెత్తి మీంచి ఒక నది సరాసరి సముద్రంలోకి పడుతోందనుకుంటే డుడుమ లెక్క తెలుస్తుంది.

ఇది ఒడిశాదా మనదా అని వాదించుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నది మధ్యలోంచి గీత పోయింది, అటు కోరాపుట్ జిల్లా, ఇటు అల్లూరి సీతారామరాజు జిల్లా, 2022 ఏప్రిల్ దాకా ఇటు పక్క విశాఖపట్నం జిల్లానే. ఇంకా వెనక్కి వెళ్తే అసలు గొడవే లేదు, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు జయపురం సంస్థానం, కోరాపుట్ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగమే కాబట్టి జలపాతానికి రెండు ఒడ్లూ ఒకే కలెక్టర్ కిందే ఉండేవి. అందుకే ఈ నది కథలు కొన్ని సింహాచలం వైపు, మాడుగుల వైపు తేలుతాయి, కొన్ని బోండా కొండల వైపు తేలుతాయి, ఒక్క రాష్ట్రం మ్యాపు ముందు పెట్టుకుని చూస్తే సగం కథే దొరుకుతుంది.

మాచ్‌ఖండ్ పుట్టేది మాడుగుల కొండల్లో. మాడుగుల అనగానే హల్వా తప్ప ఇంకేదీ గుర్తురాని వాళ్ళు మనలో చాలామందే, కానీ ఆ ఊరి వెనకాల కొండల మీదే ఈ నది మొదలవుతుంది. ఏజెన్సీలో దీన్ని మత్స్యగెడ్డ అంటారు. పాడేరు, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లో వంకర్లు తిరుగుతూ చాలా నిదానంగా ఉత్తరానికి పోతుంది, వరిమడుల పక్కనుంచి, వలిసె పూల పక్కనుంచి, నాటుపడవల మీద జనం దాటుతూ ఉండే రేవుల మీంచి. ఈ నది కాస్త దూరం పోయాక ఇంత భీకరంగా దూకుతుందని ఆ నడక చూస్తే అస్సలు అనిపించదు. కారణం నేల. సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న పీఠభూమి మీద వాలు తక్కువ, నదికి తొందర ఉండదు. పీఠభూమి అంచుకి రాగానే గట్టి రాయి ఒక్కసారి తెగిపోతుంది. తూర్పు కనుమల రాళ్ళు దేశంలోనే బాగా పాతవి, అంత తేలిగ్గా అరగవు, అందుకే నది తన దారిని మెల్లగా మెట్లుమెట్లుగా చెక్కుకునే వీలు లేక నిలువుగా పడుతుంది, పడ్డచోట గుంటని తవ్వుకుంటూ లక్షల ఏళ్ళుగా ఆ అంచుని కొద్దికొద్దిగా వెనక్కి తింటూ వస్తోంది. కింద కనిపించే ఆ ఇరుకు లోయ అలా తిన్న జాగానే.

డుడుమని చూసేది కిందనుంచి కాదు, పైనుంచి. ఎదురుగా, కాస్త దూరంగా, లోయకి ఇవతల నిలబడాలి. దానివల్ల రెండు మూడు విచిత్రాలు కనిపిస్తాయి. మొదటిది, నీళ్ళు స్లో మోషన్‌లో పడుతున్నట్టు ఉంటాయి. కళ్ళ పొరపాటేమీ లేదందులో. 175 మీటర్లు పడటానికి గాలే లేకపోతే ఒక రాయికైనా 6 సెకన్లు పడుతుంది, నీళ్ళకైతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే పైన అంచు దాటేటప్పుడు ఒకటే ముద్దగా వచ్చిన ధార కొంచెం కిందకి రాగానే చీలిపోతుంది. బాగా గమనిస్తే ముందు మొన తేలి వెనక తోక ఉన్న తెల్లటి ముద్దలు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. ఒక ముద్దని ఎంచుకుని కళ్ళతో దాన్నే ఫాలో అయిపోతే, సగం దూరం వచ్చేసరికి దాని అంచులు నలిగి నలిగి, తోక పల్చబడి, మూడొంతులు వచ్చేసరికి అది ముద్దే కాదు, పొగ. విడిపోయిన చుక్కకి గాలి అడ్డం పడుతుంది, ఎంత పెద్ద చుక్కైనా సెకనుకి 9, 10 మీటర్ల వేగం దాటలేదు. అందుకే కింద గుంటలోకి పడేదాంట్లో కొంతే నీళ్ళు, మిగతాదంతా తుంపర. ఆ తుంపర మళ్ళీ గాలికి పైకి లేచి ఎదురు గట్టు మీద నిలబడ్డవాళ్ళ కళ్ళజోడు తడిపేస్తుంది.

రెండోది శబ్దం. నీళ్ళు పడటం కనిపించిన క్షణానికీ దాని చప్పుడు చెవికి చేరటానికీ మధ్య తేడా ఉంటుంది, అర కిలోమీటరు దూరంలో ఉంటే ఒకటిన్నర సెకను దాకా. మామూలుగా అయితే ఇది ఎవరికీ తెలియదు, ధార ఆగకుండా పడుతుంది కదా. కానీ వరదలో పైనుంచి ఒక పెద్ద ముద్ద ఊడినప్పుడు ముందు కనిపించి తర్వాత వినిపించటం తెలుస్తుంది. ఇక ఇంద్రధనుస్సు. మైదానంలో నిలబడితే సూర్యుడు దాదాపు 42 డిగ్రీలకన్నా కిందుంటేనే కనిపిస్తుంది, అంటే పొద్దున్న లేదా సాయంత్రం. ఇక్కడ తుంపర మన పాదాలకన్నా కింద ఉంటుంది కాబట్టి ఎండ బాగా ఎక్కాక కూడా లోయలో ఇంద్రధనుస్సు కనిపించే ఛాన్సుంది, సూర్యుడు వీపు వైపు ఉంటే చాలు. ఫోన్లో మాత్రం ఇందులో ఏదీ సరిగా పడదు, అన్ని వీడియోల్లోనూ ఒక తెల్ల చార, గాలి హోరు, అంతే.

ఇప్పుడు కథల్లోకి వద్దాం. మాచ్‌ఖండ్ కథల్లో ఎటు చూసినా చేపే. అన్నిటికన్నా పాతది, రాతపూర్వకంగా తేదీతో దొరికేది దిబ్బిడి తామ్రశాసనాల్లోది. ఒడ్డాదిని, అంటే ఇప్పటి అనకాపల్లి జిల్లా వడ్డాదిని రాజధానిగా పెట్టుకుని ఏలిన మత్స్యవంశపు రాజు అర్జునుడు శక సంవత్సరం 1191లో, అంటే 1269లో వేయించినవి అవి. అందులో వంశం ఎలా మొదలైందో చెప్తారు. నారంగుడనే ముని ముకుంద పర్వతం మీద తపస్సు చేస్తుంటాడు, ఇంద్రుడికి ఎప్పటిలాగే భయం పట్టుకుని మంజుఘోష అనే అప్సరసని పంపిస్తాడు, ముని కోపంతో ఆమెని మత్స్య నదిలో చేపవై పుట్టమని శపిస్తాడు. ఆ చేపకి ఆ ముని వల్లనే ఒక కొడుకు పుడతాడు, సత్యమార్తాండుడు. ఉత్కళ రాజు జయత్సేనుడు తన కూతురు ప్రభావతిని అతనికిచ్చి పెళ్ళి చేసి ఒడ్డాది ప్రాంతానికి రాజుని చేస్తాడు. ఈ శాసనాన్ని చదివి ప్రచురించి, అందులో మత్స్య నది అంటే మన మాచేరే, అంటే ఈ మాచ్‌ఖండే అని గుర్తించినాయన ఎవరో కాదు, గిడుగు రామమూర్తి పంతులు గారే. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా, సవర భాష నేర్చుకున్న మనిషిగా అందరికీ తెలుసు, శాసనాల మీద ఆయన చేసిన పని మాత్రం ఎవరూ తలుచుకోరు.

ఈ కథని ఊరికే పురాణం అని పక్కన పెట్టేయకూడదు. ఒక చిన్న రాజవంశం మైదానంలో కూర్చుని, ఆ పక్కన గంగ రాజుల్లాంటి పెద్దవాళ్ళు ఉండగా, మేమూ తక్కువ వాళ్ళం కాదు అని చెప్పుకోవాలి. ఒక మునిని, ఒక అప్సరసని, ఒక ఉత్కళ రాజకుమార్తెని తెచ్చుకున్నారు, అంతవరకూ ఏ వంశమైనా చేసే పనే. కానీ పుట్టుక చోటు మాత్రం కొండ మీది నది. అంటే ఆ నదీ, ఆ కొండ మనుషులూ మా వాళ్ళే, పైన కూడా మాకు హక్కుంది అని శాసనం మీద చెక్కించుకున్నట్టే. ఈ మత్స్యవంశం వాళ్ళ దానశాసనాలు సింహాచలం గుడిలో కూడా ఉన్నాయి, అప్పన్న దర్శనానికి వెళ్ళేవాళ్ళు ఆ స్తంభాల పక్కనుంచే క్యూలో నడుస్తుంటారు.

రాజ్యం పోయినా చేప పోలేదు. తర్వాతి కాలంలో మాడుగుల జమీందార్లు మేం మత్స్యదేశపు రాజుల సంతతే అని చెప్పుకున్నారు, చేప ఆకారంలో ఉన్న రాతి సింహాసనం మీద పట్టాభిషేకం చేసుకునేవాళ్ళని, జెండా మీద చేప, సంతకం చేయాల్సిన చోట చేప బొమ్మ అని బ్రిటిష్ కాలపు రాతల్లో ఉంది. వాళ్ళని నమ్ముకుని బతికే వాళ్ళలో కొందరైతే చెవులకి చేప పోగులు పెట్టుకునేవాళ్ళంట.

ఆ నదిలో చేపని కాపాడుకున్న చోటు మత్స్యగుండం, హుకుంపేట మండలం మఠం దగ్గర. అక్కడ నదికి అడ్డంగా రాతి గోడలాంటిది ఉంటుంది, నీళ్ళన్నీ ఒక పెద్ద రంధ్రంలోకి దిగి మాయమై కొంచెం కిందన మళ్ళీ పైకి వస్తాయి. వచ్చే చోట మడుగు, మడుగునిండా మహసీర్ చేపలు. మనుషుల్ని చూస్తే పారిపోవు, చేతిలోంచి తింటాయి, వీపు నిమిరినా ఊరుకుంటాయి అని వందేళ్ళ కిందటి రాతల్లోనే ఉంది. పక్కన మత్స్యలింగేశ్వర స్వామి గుడి, శివరాత్రికి పెద్ద జాతర, ఒకప్పుడది గడ్డి కప్పిన చిన్న గుడి, పూజారి భగత తెగ మనిషి, చేపలకి మేత వేయటం కూడా పూజలో భాగమే. ఆ చేపని ఎవరూ పట్టరు. ఎందుకు పట్టరంటే దానికీ ఒక కథ ఉంది, పాతకాలంలో ఎద్దుల మీద సరుకు వేసుకుని తిరిగే బంజారా ఒకడు ఇక్కడ ఆగి ఒక చేపని పట్టి కూర వండేసుకున్నాడంట, చేపల రాజుకి కోపమొచ్చి శపిస్తే ఆ మనిషీ, అతని ఎద్దుల మందా మొత్తం అక్కడికక్కడే బండరాళ్ళయిపోయాయంట. ఆ రాళ్ళని ఇప్పటికీ చూపిస్తారు.

గమనించాల్సింది, శాపం తగిలింది బయటివాడికి. ఊళ్ళో వాళ్ళకి చేప పట్టకూడదని ముందే తెలుసు, తెలియంది దారిన పోయే వ్యాపారికి. కొండల్లోకి ఉప్పు, ధాన్యం మోసుకుని తిరిగేది బంజారాలే, వందల ఎద్దులతో ఒక మడుగు దగ్గర దిగితే రెండు పూటల్లో చేప మిగలదు. ఫారెస్ట్ గార్డూ ఫైనూ లేని రోజుల్లో ఆ బండలు చూపించి చెప్పే కథే బోర్డు లాగా పనిచేసింది. మహసీర్ లాంటి చేప చాలా నదుల్లో తగ్గిపోయిన రోజుల్లో కూడా ఒక మడుగు పేరు చేపల వల్లే నిలబడిందంటే కథకి ఉన్న పనితనం తక్కువేమీ కాదు.

డుడుమ దగ్గరకి వస్తే అవతలి కొండల కథ వేరు. మాచ్‌ఖండ్‌కి పడమర బోండా తెగ వాళ్ళు, ఇటు గదబ తెగ వాళ్ళు. సీతమ్మ వనవాసంలో ఒక గుండంలో స్నానం చేస్తుంటే చూసి కొందరు ఆడవాళ్ళు నవ్వారంట, మీరూ మీ ఆడపిల్లలూ బట్టల్లేకుండా గుండుతో ఉండండి అని సీతమ్మ శపించిందంట, తర్వాత వాళ్ళు ఏడిస్తే జాలిపడి తన చీరలో ఒక ముక్క చింపి ఇచ్చిందంట. బోండా ఆడవాళ్ళు గుండు చేయించుకోవటానికీ, నడుముకి రింగా అనే చిన్న నేత గుడ్డ మాత్రమే కట్టుకుని మిగతా ఒంటిని పూసల దండలతో కప్పుకోవటానికీ చెప్పే కారణం ఇది. బోండాలే చెప్పుకుంటారు, కాదనలేం. అయినా వింటుంటే మైదానం వాసన కొడుతుంది. చెట్టు నారతో నూలు తీసి, సొంత మగ్గం మీద చారలు చారలుగా నేసుకునే గుడ్డ అది, అంత పనితనాన్ని పట్టుకుని ఎవరో దయతలచి చింపిచ్చిన ముక్క అనటం, చీరే అసలు బట్ట అని ముందే తీర్మానించుకున్నవాళ్ళ లెక్క. మత్స్యగుండం కథలో కొండ గెలుస్తుంది, ఈ కథలో కొండకి శిక్ష పడుతుంది. గురువారం ఒనకఢిల్లీ సంతకి కెమెరాలు వేసుకుని వెళ్ళి బోండా అమ్మల మొహాల మీద పెట్టేవాళ్ళు ఈ రెండో కథనే నమ్ముతున్నట్టు.

ఇక్కడిదాకా కథలన్నీ నీళ్ళు తమంతట తాము పారే రోజులవి. 1955 నుంచి అలా కాదు. అందానికీ కరెంటుకీ కావాల్సింది ఒకటే, బాగా ఎత్తునుంచి పడే నీళ్ళు. డుడుమ ఎత్తు చూసిన ఇంజనీర్లు ఊరుకోలేదు, మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి మాచ్‌ఖండ్ ప్రాజెక్టు మొదలుపెట్టాయి. పైన జోలాపుట్ దగ్గర 34 టీఎంసీల రిజర్వాయరు, జలపాతానికి కాస్త ఎగువన డుడుమ డైవర్షన్ డ్యామ్, అక్కడినుంచి నీళ్ళని పక్కకి మళ్ళించి పెన్‌స్టాక్ గొట్టాల్లో లోయ అడుగుకి దించితే అక్కడ పవర్ హౌస్. మూడు యూనిట్లు 17 మెగావాట్లవి, మూడు 21.25వి, మొత్తం 114.75, పేపర్లలో మాత్రం 120 అనే రాస్తుంటారు. ఉద్యోగులు కిందకి దిగేది వించ్ మీద, పట్టాల మీద తాడుతో లాగే ట్రాలీ, కొండవాలు వెంబడి దాదాపు నిలువునా దిగుతుంది, పర్మిషన్ లేకుండా బయటివాళ్ళని ఎక్కించరు. జోలాపుట్ కింద ఊళ్ళు మునిగి వేల కుటుంబాలు లేచిపోయాయి, అందులో సగం దాకా గిరిజనులే, సరిగా పునరావాసం దొరికినవాళ్ళు చాలా కొద్దిమంది. మత్స్యగెడ్డ ఒడ్డున అప్పటికి ఎన్ని గుండాల కథలు ఉండేవో, అవి ఎవరితో పాటు ఎటు పోయాయో అడిగిన వాళ్ళు లేరు.

దీని ఫలితం ఏంటంటే డుడుమ అందం వానకాలం మీద మాత్రమే ఆధారపడిన విషయం కాదు ఇప్పుడు. నదిలోకి వచ్చిన నీళ్ళు ముందు టర్బైన్లకి, మిగిలితే జలపాతానికి. వరదొచ్చి డైవర్షన్ డ్యామ్ గేట్లెత్తిన రోజుల్లో, ఆగస్టు నుంచి అక్టోబరు తుఫాన్ల దాకా, అసలు డుడుమ కనిపిస్తుంది. మార్చిలో వెళ్తే నల్లటి రాతి గోడ మీద సన్నటి చార. ఇంతదూరం వచ్చి ఇదా అని తిట్టుకునే వాళ్ళకి చాలామందికి పైన డ్యామ్ ఉందన్న సంగతే తెలియదు, ఎండాకాలం కదా ఎండిపోయింది అనుకుని వెళ్ళిపోతారు.

ప్రపంచంలో ఈ చిక్కు ఒక్క డుడుమకే రాలేదు. నయాగరా నీళ్ళని కూడా కరెంటుకి మళ్ళిస్తారు, కానీ అమెరికా, కెనడా 1950లో ఒప్పందం రాసుకున్నాయి, టూరిస్టు సీజన్లో పగటిపూట జలపాతం మీంచి కనీసం లక్ష క్యూసెక్కులు పారాలి, మిగతా వేళల్లో కనీసం 50 వేలు. అంటే అందానికి ఎంత నీళ్ళు కావాలో కాగితం మీద పెట్టారు. మాచ్‌ఖండ్‌లో రెండు రాష్ట్రాలు పంచుకున్నది కరెంటు ఒక్కటే, మొదట 70:30, ఇప్పుడు సగం సగం. జలపాతం వాటా ఏ లెక్కలోనూ లేదు.

ఆ వాటా పెద్దదేమీ అక్కర్లేదు. ఆదివారం పొద్దున్న నాలుగు గంటలు వెయ్యి క్యూసెక్కులు వదిలితే అయ్యేది 1.44 కోట్ల ఘనపుటడుగులు, అంటే 0.0144 టీఎంసీ. ఏడాదిలో 52 ఆదివారాలూ వదిలినా ముప్పావు టీఎంసీ, 34 టీఎంసీల రిజర్వాయరులో రెండు శాతం పైచిలుకు. 1955లో అయితే ఈ మాట ఎత్తితే కొట్టేవాళ్ళు, అప్పుడు కోస్తా ఊళ్ళకి వెలుగిచ్చిన వాటిల్లో మాచ్‌ఖండ్ ముఖ్యమైనది. ఇప్పుడు వైజాగ్ పక్కన పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం ఒక్కటే 2,000 మెగావాట్లు. ఆదివారం నాలుగు గంటలు కొన్ని మెగావాట్లు తగ్గితే ఎవరింట్లోనూ ఫ్యాన్ ఆగదు. కాకపోతే వదిలేముందు సైరన్ కావాలి, కింద లోయలో చేపలకి దిగినవాళ్ళు, రాళ్ళ మీద సెల్ఫీలకి దిగినవాళ్ళు ఉంటారు, చెప్పకుండా గేటెత్తితే ప్రాణాలు పోతాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి, వైజాగ్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు, అరకు మీదుగా గానీ పాడేరు, పెదబయలు మీదుగా గానీ. కిరండూల్ రైల్లో మాచ్‌ఖండ్ రోడ్ అని స్టేషనుంది, పేరు చూసి జలపాతం పక్కనే అనుకుని దిగిపోవద్దు, అక్కడినుంచి ఇంకా చాలా దూరం. మావోయిస్టుల భయంతో ఏళ్ళ తరబడి ఎవరూ రాని దారి కాబట్టి హోటళ్ళు తక్కువ, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, వానాకాలంలో అంచు రాళ్ళు నాచు పట్టి జారతాయి.

నీళ్ళు వృథా అయిపోతాయన్న అభ్యంతరం ఒకటి తప్పకుండా వస్తుంది, దానికి నదే సమాధానం. జలపాతం మీంచి పడినా, గొట్టాల్లోంచి పడినా చేరేది ఆ లోయ అడుక్కే. అక్కడినుంచి బలిమెల రిజర్వాయరు, తర్వాత పేరు మార్చుకుని సీలేరు, ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయి దాటి దిగువ సీలేరులో 460 మెగావాట్లు, తర్వాత శబరి, కూనవరం దగ్గర గోదావరి. ఎండాకాలంలో గోదావరి అడుగంటినప్పుడు డెల్టాలో రబీ వరి నిలబడేది ఈ సీలేరు నీళ్ళతోనే, ప్రతి ఫిబ్రవరి, మార్చిలోనూ ధవళేశ్వరం ఇరిగేషన్ వాళ్ళు సీలేరు నుంచి ఇన్ని క్యూసెక్కులు వదలమని అడుగుతూనే ఉంటారు. కాబట్టి డుడుమ మీంచి ఆదివారం వదిలిన నీళ్ళలో పోయేది మాచ్‌ఖండ్ పవర్ హౌస్‌లో ఆ నాలుగు గంటల కరెంటు ఒక్కటే, సీలేరు కరెంటూ పోదు, కోనసీమ చేనూ ఎండదు.